ఫోన్ వైబ్రేషన్ మోటార్‌తో రక్తం గడ్డకట్టే పరీక్ష: నిజంగా పని చేస్తుందా?

ఫోన్ రివ్యూల్లో వైబ్రేషన్ మోటార్‌కి మనం ఇచ్చే చోటు రెండు లైన్లు. "ఎక్స్ యాక్సిస్ లీనియర్ మోటార్ ఇచ్చారు, టైపింగ్ ఫీల్ బావుంది" అని రాసేసి కెమెరా శాంపిల్స్‌లోకి వెళ్ళిపోతాం. బడ్జెట్ ఫోన్ అయితే "పాత తరహా మోటార్, గరగరమంటోంది", అంతే. 2022 ఫిబ్రవరిలో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ జర్నల్‌లో వచ్చిన ఒక పేపర్ చదివాక మాత్రం ఆ రెండు లైన్లు సరిపోవనిపించింది. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ టీమ్ ఆ మోటార్‌నీ, ఫోన్ కెమెరానీ కలిపి ఒక చుక్క రక్తం ఎన్ని సెకన్లలో గడ్డకడుతుందో కొలిచింది. రాసిన వాళ్ళలో జస్టిన్ చాన్, శ్యామ్‌నాథ్ గొల్లకోట ఉన్నారు. గొల్లకోట ఐఐటీ మద్రాసులో బీటెక్ చేసి, ఎంఐటీలో పీహెచ్‌డీ చేసిన కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్.

సెటప్ చూస్తే నవ్వొస్తుంది, అంత సింపుల్. ఫోన్‌కి ఒక ప్లాస్టిక్ అటాచ్‌మెంట్, కెమెరా కింద బుల్లి కప్పు. కప్పులో గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే కెమికల్, ఒక చిన్న రాగి రవ్వ. అందులో 10 మైక్రోలీటర్ల రక్తం వేస్తారు. మామూలు చుక్కలో ఐదో వంతు అనుకోండి. ఫోన్ వైబ్రేట్ అవుతుంటే రవ్వ రక్తంలో అటూ ఇటూ కదులుతుంది, కెమెరా దాన్ని ట్రాక్ చేస్తుంది. రక్తం చిక్కబడేకొద్దీ రవ్వ నెమ్మదిస్తుంది, గడ్డ కట్టగానే ఆగిపోతుంది. రక్తం వేసిన క్షణానికీ, రవ్వ ఆగిన క్షణానికీ మధ్య తేడాయే రిజల్టు.

140 ప్లాస్మా శాంపిళ్ళ మీద దీన్ని ఆసుపత్రి స్థాయి ఎనలైజర్‌తో పోల్చి చూశారు. కోరిలేషన్ పీటీకి 0.963, ఐఎన్ఆర్‌కి 0.966 వచ్చింది. 80 రక్తం శాంపిళ్ళలో కూడా దాదాపు అలాగే వచ్చింది. గడ్డకట్టడంలో తేడాలున్న మరో 79 శాంపిళ్ళలో 0.974. మొదటి వెర్షన్‌కి ఇవి మంచి నంబర్లే.

ఇంతకీ ఈ పీటీ, ఐఎన్ఆర్ ఏంటి, దాని కోసం ఇంత తిప్పలు ఎందుకు?

రక్తానికీ బెంచ్‌మార్క్ స్కోర్

గుండెకి మెటల్ వాల్వు వేయించుకున్న వాళ్ళు జీవితాంతం రక్తం పలచబడే మందు వాడాలి. చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై గుండె వాల్వుల్ని పాడు చేసే రుమాటిక్ జ్వరం మన దగ్గర చాలామందిని ఈ ఆపరేషన్ దాకా తీసుకెళ్ళింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద కుటుంబాల వాళ్ళకీ గుండె ఆపరేషన్లు అందాయి. ఆపరేషన్ ఒక్కసారే, కానీ మందు రోజూ, పరీక్ష మళ్ళీ మళ్ళీ. మందు పేరు వార్ఫరిన్. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా వినిపించేది దాని తమ్ముడి లాంటి ఎసిట్రోమ్. డోసు తక్కువైతే వాల్వు దగ్గర గడ్డ కట్టి పక్షవాతం రావొచ్చు, ఎక్కువైతే లోపల రక్తస్రావం. మధ్యలో ఉన్న దారి చాలా ఇరుకు.

కొత్త తరం మందులకి ఈ పరీక్ష గొడవ లేదు కదా అని అడగొచ్చు. మెటల్ వాల్వులకి వాటిలో ఒకదాన్ని, డాబిగాట్రాన్‌ని, వాడి చూశారు. ఆ రీ-అలైన్ ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. గడ్డలూ, రక్తస్రావాలూ రెండూ ఎక్కువవడంతో మధ్యలోనే ఆపేశారు. కాబట్టి మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకి ఇప్పటికీ వార్ఫరిన్ కుటుంబమే దిక్కు.

ఈ మందు ఎంత పని చేస్తోందో చెప్పేది పీటీ, అంటే ప్రోత్రాంబిన్ టైమ్. అమెరికన్ డాక్టర్ ఆర్మండ్ క్విక్ 1935లో తెచ్చిన పరీక్ష. ప్లాస్మాలో టిష్యూ ఫ్యాక్టర్, కాల్షియం కలిపి 37 డిగ్రీల దగ్గర స్టాప్‌వాచ్ నొక్కడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇంచుమించు 11 నుంచి 14 సెకన్లు.

ఇక్కడే మనకి బాగా తెలిసిన సమస్య వస్తుంది. ఒక కంపెనీ రీఏజెంట్‌తో 24 సెకన్లు వచ్చిన రక్తానికి, ఇంకో కంపెనీ రీఏజెంట్‌తో 18 రావొచ్చు. రాజమండ్రిలో చేయించిన రిపోర్టు, హైదరాబాద్‌లో చేయించిన రిపోర్టు పోల్చడానికే లేదు. వేర్వేరు బెంచ్‌మార్క్ యాప్‌ల స్కోర్లు పక్కపక్కన పెట్టి "ఇదే ఫాస్ట్" అన్నట్టు ఉంటుంది. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికో నార్మలైజేషన్ తెచ్చింది, అదే ఐఎన్ఆర్. పేషెంటు పీటీని నార్మల్ పీటీతో భాగించి, వచ్చినదాన్ని ఐఎస్ఐ అనే సంఖ్యకి ఘాతం చేయాలి. ఐఎస్ఐ అంటే ఆ బ్యాచ్ రీఏజెంట్ ఎంత సున్నితమో చెప్పే నంబర్, కంపెనీ ప్యాకెట్‌తో పాటే ఇస్తుంది.

ఘాతం అనే మాటని తేలిగ్గా తీసుకోవద్దు. పేషెంటుకి 24 సెకన్లు, నార్మల్ 12 అనుకుందాం. నిష్పత్తి 2. ఐఎస్ఐ 1 అయితే ఐఎన్ఆర్ 2.0, ఐఎస్ఐ 1.5 అయితే 2.83. మైట్రల్ వాల్వు మార్చిన వాళ్ళకి మామూలుగా పెట్టే టార్గెట్ 2.5 నుంచి 3.5. అంటే మొదటి లెక్కలో మందు చాలడం లేదు, రెండో లెక్కలో అంతా బానే ఉంది. కొత్త బాక్స్ రీఏజెంట్ తెరిచి మెషీన్‌లో పాత ఐఎస్ఐ అలాగే వదిలేస్తే మెషీన్ ఏ ఎర్రర్ మెసేజూ చూపించదు, చక్కగా తప్పు నంబర్ ప్రింట్ చేస్తుంది. హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టెంట్‌తో దెబ్బతిన్న వాళ్ళెవరికైనా ఇది అర్థమవుతుంది.

పైగా ఈ మందుకి మన వంటింటితో పేచీ ఉంది. వార్ఫరిన్ పని విటమిన్ కె ని అడ్డుకోవడం. ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. పాలకూర, తోటకూర, మునగాకు. మానేయమని కాదు, వారం వారం ఒకేలా తినమంటారు డాక్టర్లు. ఆషాఢంలో మునగాకు తినే ఇళ్ళలో ఆ నెల ఐఎన్ఆర్ కొంచెం తగ్గితే ఆశ్చర్యపడక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ మందు పుట్టిందే పశువుల నుంచి. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న ఆవులు రక్తస్రావంతో చనిపోతుంటే, విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ ల్యాబ్ కారణం పట్టుకుంది. దాన్నుంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ముందు ఎలుకల మందుగా అమ్మకానికొచ్చింది, తర్వాతే మనుషులకి. డెల్టాలో వరి పొలాల గట్ల మీద ఎలుకల కన్నాల్లో పెట్టే బ్రోమాడయోలిన్ కూడా ఇదే వంశం, ఇంకా బలంగా, ఇంకా ఎక్కువ రోజులు పని చేసేది. పొరపాటున అది ఒంట్లోకి వెళ్ళిన పిల్లవాడిని ఆసుపత్రికి తెస్తే డాక్టర్లు రోజుల తరబడి చూసేదీ ఇదే పీటీ, ఐఎన్ఆర్. విరుగుడు కూడా అదే విటమిన్ కె.

ఇప్పుడు లంక గ్రామంలో ఉండే ఒక వాల్వు పేషెంటుని ఊహించుకోండి. పరీక్ష కోసం పంటు ఎక్కాలి, బస్సు పట్టుకోవాలి, సూది గుచ్చుకుని రిపోర్టు దాకా ఆగాలి, అది పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఒక రోజు కూలి పోతుంది. ఇంట్లో చేసుకునే హ్యాండ్‌హెల్డ్ మీటర్లు ఉన్నాయి, రోష్ కంపెనీ కోయాగ్యుచెక్ లాంటివి, బాగానే పని చేస్తాయి. అవి గడ్డని చూడవు. గడ్డకట్టే దారిలో తయారయ్యే త్రాంబిన్‌ని స్ట్రిప్‌లో ఎలక్ట్రికల్ సిగ్నల్‌గా పట్టుకుంటాయి. మీటర్ ఒకసారి కొంటే సరిపోదు, ప్రతి పరీక్షకీ స్ట్రిప్ కావాలి. ప్రింటర్ ఇంకు కథే. ఫోన్ మీద ఆశ ఎందుకంటే ఖరీదైన సగం, అంటే కెమెరా, ప్రాసెసర్, మోటార్, ఇప్పటికే జేబులో ఉంది.

గాజు గొట్టం ఇంకా ఎందుకు బతికుంది

ఈ రంగంలో అన్నిటికంటే చవకైన పరికరం ఒక గాజు గొట్టం. నాకు బాగా నచ్చింది కూడా అదే.

పాము కాటుకి మన దేశంలో పోయే ప్రాణాలు తక్కువేం కాదు. 2000 నుంచి 2019 వరకు ఏడాదికి సగటున 58 వేల మంది అని 2020లో ‘ఈలైఫ్’ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం లెక్క కట్టింది. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 2018 ఆగస్టులో దివిసీమలో కాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. కృష్ణా అయినా గోదావరి అయినా డెల్టా పొలం డెల్టా పొలమే. నీళ్ళు, ఎలుకలు, వాటి వెనకాల పాములు.

వాటిలో రక్తపింజర కథ వేరు. పేరులోనే రక్తం ఉంది చూడండి. దాని విషం గడ్డకట్టే వ్యవస్థని ఆపదు, ఒక్కసారిగా ఆన్ చేసేస్తుంది. ఫ్యాక్టర్ 10, ఫ్యాక్టర్ 5 లని నేరుగా యాక్టివేట్ చేస్తుంది. ఒళ్ళంతా చిన్న చిన్న గడ్డలకి ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది. ఇక అసలు అవసరమైన చోట గడ్డ కట్టడానికి ముడిసరుకే ఉండదు. చిగుళ్ళ నుంచి, సూది గుచ్చిన చోటి నుంచి రక్తం కారుతూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి కరెంటు కూడా అక్కర్లేని పరీక్ష ఉంది, 20 నిమిషాల పరీక్ష అంటారు. కొత్త, శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో 2 మిల్లీలీటర్ల రక్తం తీసుకోవాలి. 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచాలి. గడ్డ కట్టి కదలకుండా ఉంటే సరే. నీళ్ళలా జారితే విషం రక్తంలో పని చేస్తోందని అర్థం, యాంటీవెనమ్ మొదలుపెట్టాలి. ఆరు గంటల తర్వాత మళ్ళీ ఇదే పరీక్ష, ఇంకో డోసు కావాలో లేదో తేల్చడానికి.

ఇందులో గాజు అనే మాట చాలా ముఖ్యం. గాజు ఉపరితలం మీదుండే రుణావేశం ఫ్యాక్టర్ 12 ని నిద్రలేపుతుంది, గొలుసు అక్కడి నుంచి మొదలవుతుంది. ప్లాస్టిక్ ట్యూబ్‌లో అది జరగదు. అంటే పాము విషం లేని మనిషి రక్తం కూడా 20 నిమిషాల తర్వాత జారిపోవచ్చు, అనవసరంగా యాంటీవెనమ్ ఎక్కించాల్సి రావొచ్చు. సబ్బుతో కడిగి మళ్ళీ వాడిన గాజు ట్యూబ్‌తోనూ ఇదే తంటా. ఫోన్ వెనక గ్లాసా, ప్లాస్టికా అని మనం కామెంట్లలో కొట్టుకుంటాం. ఇక్కడ ఆ తేడా మనిషికి ఎక్కించే మందుని మార్చేస్తుంది.

అదే రక్తపింజర విషం ల్యాబులో రీఏజెంట్ కూడా. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే తేడాని పట్టుకోవడానికి చేసే పరీక్షలో పలచబరిచిన ఈ విషాన్నే ప్లాస్మాలో కలిపి టైమ్ చూస్తారు. ఇంగ్లండ్‌లో మెక్‌ఫార్లేన్ అనే శాస్త్రవేత్త 1930ల్లోనే దీన్ని రక్తం ఆపే మందుగా వాడి చూశాడు.

ప్లేట్‌లెట్ కౌంట్ మెగాపిక్సెల్ లాంటిది

ఇప్పటిదాకా మాట్లాడింది ప్లాస్మాలోని ప్రొటీన్ల గురించి. రక్తం ఆగడానికి మొదటి అడుగు వేసేవి ప్లేట్‌లెట్లు. 2, 3 మైక్రాన్ల ముక్కలు. మైక్రోలీటర్‌కి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. డెంగ్యూ సీజన్లో ఈ నంబర్ మన ఊళ్ళలో క్రికెట్ స్కోర్ అయిపోతుంది. "ఎంతున్నాయి?" "పొద్దున 60 వేలు, సాయంత్రం 45." బొప్పాయి ఆకు రసం, కివీ పళ్ళు, రక్తదాతల కోసం వాట్సాప్ మెసేజ్‌లు.

ఆ నంబర్ ఎలా వస్తుందో చూస్తే కొంచెం స్థిమితపడతాం. 1953లో వాలెస్ కూల్టర్ పేటెంట్ పొందిన పద్ధతి ఇంకా చాలా కౌంటర్లకి పునాది. కరెంటు పారే సన్నటి రంధ్రం గుండా కణాలు వెళ్తుంటే, ఒక్కో కణానికి ఒక్కో పల్స్. పల్స్ ఎత్తు కణం సైజుని చెబుతుంది. సుమారు 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల మధ్య ఉంటే ప్లేట్‌లెట్, అంతకంటే పెద్దదైతే ఎర్ర కణం. అంటే ఇది థ్రెషోల్డ్ పెట్టిన ఇఫ్-ఎల్స్. ఐరన్ లోపంతో ఎర్ర కణాలు మరీ చిన్నవైతే కొన్ని ప్లేట్‌లెట్ లెక్కలో పడొచ్చు. కొందరిలో పుట్టుకతో ప్లేట్‌లెట్లు పెద్దగా ఉంటాయి, అవి ఎర్ర కణాల లెక్కలోకి జారిపోతాయి.

ఇంకో బగ్ ట్యూబులోనే ఉంది. కౌంట్ కోసం ఊదారంగు మూత ట్యూబు వాడతారు, అందులో ఈడీటీఏ ఉంటుంది. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి. మెషీన్ గుంపుని లెక్కపెట్టలేదు, రిపోర్టులో 40 వేలు వస్తుంది. మనిషి మాత్రం శుభ్రంగా ఉంటాడు. స్లైడు మీద చుక్క పరిచి మైక్రోస్కోపులో చూసే టెక్నీషియన్ ఒక నిమిషంలో దీన్ని పట్టేస్తాడు. లేదా లేత నీలం మూత ఉన్న సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీసి, సిట్రేట్ వల్ల పలచబడిన దానికి 1.1తో గుణిస్తారు. కౌంట్ చూసి కంగారుపడే ముందు "స్మియర్ చూశారా అండీ?" అని ల్యాబులో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

డెంగ్యూలో నిజంగా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అది బగ్ కాదు. కానీ అక్కడ ఎక్కువ ప్రమాదం రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం, దాన్ని చూపించేది హెమటోక్రిట్ పెరగడం. రక్తస్రావం లేని పేషెంటుకి కౌంట్ 10 వేల కిందికి పోతే తప్ప ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా లేదనే జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిర్ణయం డాక్టర్‌ది. పక్క మంచం వాళ్ళ కౌంట్‌తో పోలిక మాత్రం అనవసరం.

కౌంట్ అంతా బావుండి, పని చేయని ప్లేట్‌లెట్లు కూడా ఉంటాయి. 108 మెగాపిక్సెల్ అని రాసి చెత్త ఫొటో తీసే కెమెరా గుర్తుంది కదా. స్విస్ డాక్టర్ ఎడ్వర్డ్ గ్లాంజ్‌మాన్ 1918లో వర్ణించిన జబ్బు అలాంటిదే. కౌంట్ నార్మల్, పీటీ నార్మల్, కానీ ముక్కులోంచి రక్తం మొదలైతే ఆగదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి చేతులు కలుపుకోవడానికి కావాల్సిన ప్రొటీన్ లేకపోవడమే కారణం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు తప్పు కాపీలు వస్తేనే ఇది బయటపడుతుంది. మేనరికాలు ఉన్నచోట అలా రెండూ కలిసే అవకాశం ఎక్కువ. గోదావరి జిల్లాల్లో మేనరికం గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేముంది.

భీమవరం నుంచి వచ్చిన అణువు

ఇలాంటిది పట్టుకోవాలంటే ప్లేట్‌లెట్లని లెక్కపెట్టడం కాదు, పని చేయించి చూడాలి. ఆ మెషీన్ పేరు ఎగ్రిగోమీటర్. 1962లో గుస్తావ్ బోర్న్ ‘నేచర్’లో ప్రచురించాడు. క్వాంటమ్ మెకానిక్స్‌లో మనం చదువుకున్న మాక్స్ బోర్న్ కొడుకే ఇతను. ఐడియా ఎంత బావుంటుందంటే, రక్తాన్ని నెమ్మదిగా తిప్పితే పైన ప్లేట్‌లెట్లతో మసకగా ఉన్న ప్లాస్మా తేలుతుంది. దాన్ని 37 డిగ్రీల దగ్గర కలుపుతూ, ఒకవైపు నుంచి లైటు వేస్తారు, రెండోవైపు సెన్సర్. మసక ప్లాస్మా లైటుని ఆపుతుంది, అది సున్నా శాతం. ప్లేట్‌లెట్లు తీసేసిన తేట ప్లాస్మా వంద శాతం. ఇప్పుడు ఒక ట్రిగ్గర్ కెమికల్ వేస్తే, ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, ద్రవం తేటపడుతుంది, లైటు దూసుకొస్తుంది, గ్రాఫ్ పైకి లేస్తుంది. ఒక ఎల్‌ఈడీ, ఒక ఫోటోడయోడ్, ఒక హీటర్. ఆర్డినో ప్రాజెక్టు చేసిన వాళ్ళకి చేతులు దురదపెడతాయి.

బోర్న్ వాడిన ట్రిగ్గర్ ఏడీపీ. అంతకు ముందు ఏడాది నార్వే శాస్త్రవేత్తలు ఎర్ర కణాల నుంచి వచ్చే ఏడీపీయే ప్లేట్‌లెట్లని అతుక్కునేలా చేస్తుందని చూపించారు. ఏడీపీ అంటే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసేసినది. ఇక ఏటీపీని కనిపెట్టిన వాళ్ళలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన రాజమండ్రిలో చదివిన రోజుల్లో ఇంట్లో వరసగా మరణాలు. మెట్రిక్యులేషన్ మద్రాసులో, మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. 1923లో అమెరికా చేరి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిశారు. 1925లో వాళ్ళిద్దరూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. శాంపిల్‌లో ఫాస్ఫేట్ ఎంత ఉంటే అంత నీలం రంగు వస్తుంది, రంగు చిక్కదనం చదివితే లెక్క వస్తుంది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ వాళ్ళందరికీ తెలుసు. ఆ టూల్ చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని పట్టుకున్నాడు. మనవాళ్ళు సుబ్బారావు పేరు చెప్పగానే యాంటీబయాటిక్స్ అంటారు. నా లెక్కలో ఆయన ముందు కొలత పరికరాల మనిషి. కొలవడం వచ్చాకే మిగతావి వచ్చాయి.

ప్లేట్‌లెట్లు ఏటీపీ, ఏడీపీ రెండిటినీ చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ట్రిగ్గర్ తగలగానే బయటికి వదులుతాయి, ఆ ఏడీపీ పక్క ప్లేట్‌లెట్లని పిలుస్తుంది. ఈ పిలుపు అందుకునే రిసీవర్లలో ఒకటి పీ2వై12. స్టెంట్ వేసిన వాళ్ళకి ఇచ్చే క్లోపిడోగ్రెల్ మూసేది దీన్నే. కొన్ని ఎగ్రిగోమీటర్లలో బయటికొచ్చిన ఏటీపీని కూడా కొలుస్తారు, మిణుగురు పురుగు మెరిసే ఎంజైమ్ కలిపి. ఏటీపీ ఉంటే వెలుగు, ఎంత ఉంటే అంత వెలుగు. భీమవరం అణువు, మిణుగురు కెమిస్ట్రీ, ఒక లైట్ సెన్సర్. ఇంతకంటే మంచి క్రాస్ఓవర్ నేను చూడలేదు.

ట్రిగ్గర్లు మారుస్తూ చూస్తే డీబగ్గింగ్‌లా ఉంటుంది. ఏడీపీకి, కొలాజెన్‌కి, అరాకిడోనిక్ యాసిడ్‌కి దేనికీ గ్రాఫ్ లేవలేదు, ఒక్క రిస్టోసెటిన్‌కి లేచింది: గ్లాంజ్‌మాన్. సరిగ్గా తిరగబడి రిస్టోసెటిన్‌కి మాత్రమే లేవలేదు: బెర్నార్డ్-సూలియర్ కావొచ్చు, లేదా వాన్ విల్లెబ్రాండ్ ప్రొటీన్ తేడా. ఈ రిస్టోసెటిన్ ఒకప్పటి యాంటీబయాటిక్. పేషెంట్లలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని మందుగా మానేశారు, ఆ సైడ్ ఎఫెక్టే ఇప్పుడు దాని ఉద్యోగం. అరాకిడోనిక్ యాసిడ్‌కి లేవకపోతే ముందు అడగాల్సిన ప్రశ్న "ఆస్పిరిన్ వేసుకున్నారా?" ప్లేట్‌లెట్‌కి న్యూక్లియస్ లేదు, ఆస్పిరిన్ పాడు చేసిన ఎంజైమ్‌ని కొత్తగా తయారు చేసుకోలేదు. ఓటీఏ అప్‌డేట్ లేని డివైస్. పాతవి పోయి కొత్త బ్యాచ్ వచ్చేదాకా, అంటే వారం పది రోజులు, ప్రభావం పూర్తిగా పోదు. ఆపరేషన్‌కి ముందు డాక్టర్ ఆ గోలీ ఎప్పుడు ఆపాలో చెప్పేది అందుకే. ఎవరికి వారు ఆపేయడం మాత్రం ప్రమాదం.

దీనికున్న అసలు ఇబ్బంది దూరం. పీటీకి తీసిన సిట్రేట్ శాంపిల్ ఒక రోజు ఆగుతుంది. ప్లేట్‌లెట్ ఫంక్షన్‌కి తీసింది నాలుగు గంటల్లోపు చేసేయాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. చల్లబడినా, కుదుపులు తగిలినా ప్లేట్‌లెట్లు ముందే ఉలిక్కిపడి లేస్తాయి. కాబట్టి అమలాపురంలో రక్తం తీసి ఐస్ బాక్సులో హైదరాబాద్‌కి కొరియర్ చేయడం కుదరదు. శాంపిల్ వెళ్ళలేదు, మనిషే వెళ్ళాలి. మిగతా రక్త పరీక్షలన్నీ ఇంటికొచ్చి తీసుకెళ్ళే రోజుల్లో ఇది ఒక్కటి మొండికేసి కూర్చుంది.

చాలా చిన్న ల్యాబుల్లో ఆపరేషన్‌కి ముందు చేసేది "బీటీ, సీటీ". వేలికో, చెవి తమ్మెకో గుచ్చి 30 సెకన్లకోసారి ఫిల్టర్ పేపర్ అద్దడం, గాజు గొట్టం విరిచి దారం కనిపిస్తోందా చూడటం. చెవి తమ్మె పద్ధతి డ్యూక్ 1910లో చెప్పింది. ఆపరేషన్‌లో ఎవరికి రక్తం ఎక్కువ పోతుందో ఇది నమ్మకంగా చెప్పలేదని ఎప్పుడో తేలిపోయింది. పన్ను పీకినప్పుడు రక్తం ఆగిందా, నెలసరి ఎలా ఉంటుంది, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగే డాక్టర్ దీనికంటే ఎక్కువ సమాచారం రాబడతాడు.

మళ్ళీ ఫోన్ దగ్గరికి

రాగి రవ్వ ఐడియా గాల్లోంచి ఊడిపడలేదు. హార్ట్‌మట్ హార్టెర్ట్ అనకండి, పేరు హెల్మట్ హార్టెర్ట్. 1948లో జర్మనీలో ఆయన చేసిన త్రాంబోఎలాస్టోగ్రఫీలో కప్పు ఊగుతుంటే, గడ్డ లోపలున్న పిన్నుని పట్టి లాగుతుంది, ఆ లాగుడే గ్రాఫ్. పెద్ద గుండె, లివర్ ఆపరేషన్లలో ఇప్పటికీ దీని వారసులు వాడుతున్నారు. కొన్ని ల్యాబ్ ఎనలైజర్లలో స్టీల్ గోళీ అయస్కాంతంతో ఊగుతూ గడ్డ కట్టగానే నెమ్మదిస్తుంది. వాషింగ్టన్ టీమ్ గోళీ బదులు రవ్వ, అయస్కాంతం బదులు వైబ్రేషన్ మోటార్ పెట్టింది. ఫిజిక్స్ అంతా నమ్మదగినదే.

కెమెరా కూడా సమస్య కాదు. సెకనుకి 30 ఫ్రేములు అంటే 33 మిల్లీసెకన్ల ఖచ్చితత్వం, మనం కొలిచేది పది సెకన్ల పైమాట. తప్పు వచ్చేది వేరే చోట. చుక్క సైజు, రీఏజెంట్ తాజాదనం, ఉష్ణోగ్రత. గడ్డకట్టడం ఎంజైముల పని, అందుకే ల్యాబులో 37 డిగ్రీల మీద అంత పట్టుదల. మే నెల రాజమండ్రిలో పెంకుటిల్లు వేరు, డిసెంబరు తెల్లవారుజామున కోనసీమ వేరు.

వేలి చుక్కతో అన్నీ చెప్పేస్తామన్న థెరానోస్‌ని మర్చిపోకూడదు. 2016 జనవరిలో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆ కంపెనీ కాలిఫోర్నియా ల్యాబులో హెమటాలజీ విభాగం లోపాలు రోగుల ప్రాణాలకి తక్షణ ప్రమాదమని లెటర్ ఇచ్చింది. అందులో కీలకమైనది వార్ఫరిన్ వాడే వాళ్ళకి చేసే ఇదే పీటీ, ఐఎన్ఆర్.

వాషింగ్టన్ వాళ్ళు తమది ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ అనే రాసుకున్నారు. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి రోగ నిర్ధారణ చేసే సాఫ్ట్‌వేర్ కూడా మెడికల్ డివైసుల నిబంధనల కిందికే వస్తుంది. కాబట్టి ప్లే స్టోర్‌లో కెమెరా మీద వేలు పెడితే రక్తం గురించి చెప్పేస్తానంటున్న యాప్ కనిపిస్తే అన్ఇన్‌స్టాల్ చేయండి. రవ్వ, రీఏజెంట్, రక్తం లేకుండా గడ్డకట్టడం కొలిచే దారి లేదు.

ఇలాంటి కిట్ ఏదైనా అనుమతులతో మార్కెట్లోకి వచ్చిన రోజు రివ్యూ ఎలా చేయాలో మాత్రం రెడీగా ఉన్నాను. పదిహేను వేల లోపు మూడు ఫోన్లు, ఒకటి పాత తరహా మోటార్‌ది, ఒకటి లీనియర్‌ది, ఒకటి రెండేళ్ళు వాడి కెమెరా గ్లాసు గీతలు పడ్డది. ఒకే శాంపిల్‌ని ఒక్కో ఫోన్ మీద పదేసి సార్లు, ఏసీ గదిలో, ఎండలో, అదే రోజు ల్యాబ్ ఎనలైజర్ పక్కన. సగటు ఎంత దగ్గరగా వచ్చిందన్నది తర్వాత చూస్తాను. ముందు చూసేది పదిలో ఎన్నిసార్లు 2.5కి కింద ఉన్న మనిషిని పైన ఉన్నట్టు చూపించిందన్నది. ఆ తర్వాత అడిగేది కప్పుల ధర, కవరు విప్పకుండా అవి ఎన్ని నెలలు ఆగుతాయి, నరసాపురం మెడికల్ షాపులో దొరుకుతాయా అని.